బ్యాగులో చాకుందిగా... అనుకున్నా!

రాత్రి పదకొండున్నర దాటింది. ఆఫీసు క్యాబ్ దిగి హాస్టల్ సందులోకి నడుస్తున్నా. పైపుల కోసం సందంతా తవ్వేయడంతో వారం రోజులుగా క్యాబ్ మెయిన్‌రోడ్డు మీదే ఆగిపోతోంది. అక్కణ్నుంచి గేటు దాకా నాలుగు నిమిషాల నడక. సగం దూరం వెళ్లానో లేదో, వెనక బైకు చప్పుడు. దాటి వెళ్లిపోతుందిలే అనుకున్నా. వెళ్లలేదు. నా పక్కకొచ్చి నెమ్మదించింది. ఇద్దరున్నారు. వెనక కూర్చున్నవాడు ఏదో అన్నాడు. ఏమన్నాడో ఇక్కడ రాయను.

భయమేసింది. ఆ భయం వెనకే కాస్త ధైర్యం కూడా. ఎందుకంటే నా హ్యాండ్‌బ్యాగులో చాకుంది. నెల రోజుల నుంచీ మోస్తున్నా. ఇలాంటి రాత్రి కోసమే కొన్నా.

చెయ్యి బ్యాగులోకి పోనిచ్చా. చార్జర్ వైరు తగిలింది. తర్వాత టిఫిన్ బాక్సు, గొడుగు, నీళ్ల సీసా. చాకు మాత్రం తగల్లేదు. బైకు ఇంకాస్త దగ్గరికొచ్చింది. ఎదురుగా ఓ మందుల షాపు, షట్టర్ సగం దించి ఉంది. లోపల లైటు వెలుగుతోంది. ఇంకేమీ ఆలోచించలేదు. పరుగెత్తుకెళ్లి షట్టర్ కింది నుంచి దూరిపోయా.

లెక్కలు చూసుకుంటున్న పెద్దాయన తలెత్తి 'ఏమ్మా, ఏం కావాలి?' అన్నాడు. నాకు మాట రాలేదు. బయటికి చెయ్యి చూపించా. ఆయన షట్టర్ పైకెత్తి రోడ్డు మీదికి వచ్చేసరికి బైకు మలుపు తిరిగిపోయింది. షాపు కుర్రాణ్ని తోడిచ్చి నన్ను గేటు దాకా పంపించాడు.

రూముకెళ్లి బ్యాగుని మంచం మీద బోర్లించా. అన్నీ పడ్డాక, ఆఖర్న దువ్వెనతో పాటు టప్పున పడింది చాకు.

ఆ తర్వాత కొన్ని వారాలపాటు ఆ చాకు గురించి ఆలోచించా, చదివా, పరీక్షలు కూడా చేశా. కొనే ముందు చేయాల్సిన పని అది. నాలా తలకిందులుగా చేయకూడదనే ఇదంతా చెబుతున్నా.

ఫోనుకి పది రివ్యూలు... చాకుకి రంగు!

ఫోను కొనేటప్పుడు నేను రెండు వారాలు రివ్యూలు చూశా. బ్యాటరీ ఎంత, కెమెరా ఎలా ఉంది, వేడెక్కుతుందా అని బుర్ర తినేశా. చాకు మాత్రం ఐదు నిమిషాల్లో కొనేశా. ఆన్‌లైన్లో 'ఆత్మరక్షణ' అని వెతికితే వచ్చింది. నల్లటి బ్లేడు, సగం దాకా రంపం పళ్లు, పిడికి ఓ క్లిప్పు, చివర అద్దం పగలగొట్టే మొన. పేరుకి ముందు 'టాక్టికల్' అని ఉంది. చూడ్డానికే భయంగా ఉంది కాబట్టి ఎదుటివాడు కూడా భయపడతాడనుకున్నా.

చాకంటే మన బుర్రలో ఉండే బొమ్మ చాలావరకు సినిమాదే. విలన్ జేబులోంచి తీసి 'టక్' మనిపిస్తాడు, ఎదుటివాడు రెండడుగులు వెనక్కేస్తాడు. పాత హిందీ సినిమాల్లో అది రాంపురీ చాకు. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్‌కి దానితో ఎంత పేరొచ్చిందంటే, 2023లో ఆ ఊరి కూడలిలో ఏకంగా 20 అడుగుల చాకుని నిలబెట్టారు! సినిమాలో చాకు తీయగానే తెరుచుకుంటుంది. టిఫిన్ బాక్సు కింద ఇరుక్కోదు.

నాది వచ్చిన రెండో రోజే నా బొటనవేలు కోసింది. దాన్ని లైనర్ లాక్ అంటారని అప్పుడు తెలియదు. చాకు తెరవగానే పిడి లోపలున్న సన్నటి రేకు పక్కకి జరిగి, బ్లేడు వెనక అడ్డంగా నిలబడుతుంది. అందుకే బ్లేడు దానంతటది మడతపడదు. మూయాలంటే ఆ రేకుని బొటనవేలితో పక్కకి నెట్టాలి. ఆ క్షణంలో వేలు సరిగ్గా బ్లేడు వచ్చే దారిలో ఉంటుంది. రేకు జరగ్గానే వేలు తీసేసి, అప్పుడు బ్లేడు మడవాలి. నేను రెండూ ఒకేసారి చేశా. రెండు కుట్లు పడ్డాయి. ఆఫీసులో టమాటా కోస్తుంటే తెగిందని చెప్పా.

ఎర్ర స్కెచ్ పెన్ పరీక్ష

బైకు సంగతి జరిగిన ఆదివారం పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లా. అన్నయ్య చిన్నప్పట్నుంచీ కరాటే చేస్తాడు, ఇప్పుడు పిల్లలకి నేర్పిస్తాడు. జరిగింది చెప్పి, చాకు చూపించా. తిట్టలేదు. 'పైకి రా, డాబా మీద చూద్దాం' అన్నాడు.

ముందు ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టాడు. బ్యాగు భుజానికి తగిలించుకుని నేను ఓ మూల, తను ఆ చివర. 'ఇప్పుడు' అనగానే చాకు వెతికి, తీసి, తెరవాలి. మొదటిసారి పద్నాలుగు సెకన్లు పట్టింది. జీన్స్ జేబుకి క్లిప్పు పెట్టుకుంటే నాలుగైదు సెకన్లకి దిగింది. కానీ, చున్నీ వేసుకుంటే మళ్లీ పెరిగింది. 'ఇప్పుడు' అన్నాక అన్నయ్య మామూలుగా నడుచుకుంటూ వచ్చాడు. నేను చాకు తెరిచేసరికి నా ముందు నిలబడి ఉన్నాడు. అది కూడా ఎప్పుడు తీయాలో ముందే తెలిసి, చేతులు వణక్కుండా ఉన్నప్పుడు.

తర్వాత అసలు పరీక్ష. చాకు పక్కన పెట్టించి నా చేతికి ఎర్ర స్కెచ్ పెన్ ఇచ్చాడు. ఇద్దరం పాత తెల్ల టీషర్టులు వేసుకున్నాం. 'ఇది చాకనుకో. నేను నీ బ్యాగు లాక్కుంటా. నువ్వు ఏం చేయగలిగితే అది చెయ్' అన్నాడు.

పదిసార్లు చేశాం. మొదట్లో నవ్వుతూనే మొదలుపెట్టాం. నాలుగో ఆటకి నవ్వు ఆగిపోయింది. పదింట్లో నాలుగుసార్లు పెన్ను నా చేతిలోంచి అతని చేతిలోకి వెళ్లింది. నా ముంజేతుల మీద, మణికట్టు మీద, ఓసారి చెంప మీద ఎర్ర గీతలు. తనకీ తక్కువేం పడలేదు. అరచేతుల్నిండా, పొట్ట మీద, మెడ మీద.

'గెలిచింది ఎవరే?' అన్నాడు.

నేను మాట్లాడలేదు.

'మెడ మీద గీత చూడు. ఇది నిజమైతే నేను చచ్చిపోయేవాణ్ని. బ్యాగు కోసం. నువ్వు జైల్లో ఉండేదానివి. నీ మణికట్టు మీద గీత చూసుకో. అది నిజమైతే నిన్ను ఆస్పత్రికి తీసుకెళ్లేలోపు ఏమయ్యేదో తెలీదు.' కాసేపాగి అన్నాడు. 'చాకు పనిచేయాలంటే వాడు నీకు చెయ్యంత దూరంలో ఉండాలి. నీకేమో వాడు దూరంగా ఉండాలి. రెండూ ఎలా కుదురుతాయే?'

ఆ ఒక్క మాటతో నెల రోజుల నా ధైర్యం కరిగిపోయింది. పైగా ఇంకోటి అర్థమైంది. బ్యాగులో చాకుందన్న నమ్మకంతోనే ఆ రాత్రి విలువైన సెకన్లు వృథా చేశా. అది లేకపోతే బైకు నెమ్మదించగానే వెలుతురు వైపు పరుగెత్తేదాన్ని.

చట్టం ఏమంటుంది?

చేత్తో పట్టుకుని తిరిగే వస్తువు గురించి చట్టం కూడా తెలుసుకోవాలి కదా. ఆయుధాల చట్టం 1959 నాటిది. దాని కింద 2016లో వచ్చిన నిబంధనల ప్రకారం- బ్లేడు 9 అంగుళాల కంటే పొడవున్నా, 2 అంగుళాల కంటే వెడల్పున్నా ఆ కత్తి ఆయుధాల జాబితాలోకి వస్తుంది. ఇంటి పనికీ, వ్యవసాయానికీ, పరిశ్రమలకీ తయారుచేసిన వాటికి మినహాయింపు ఉంది. లేకపోతే కొబ్బరిబోండాల బండి దగ్గర ఎవరూ నిలబడలేరు.

అలాగని చిన్న చాకైతే ఎక్కడైనా ఫర్వాలేదనుకోవద్దు. స్థానికంగా వేరే ఉత్తర్వులుండొచ్చు. ఢిల్లీనే తీసుకోండి. బటన్ నొక్కితేనో స్ప్రింగుతోనో తెరుచుకునే చాకుల బ్లేడు 7.62 సెంటీమీటర్లు, అంటే 3 అంగుళాల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు గానీ అంతకు మించి గానీ ఉంటే కుదరదని 1980లోనే నోటిఫికేషన్ ఇచ్చారు. అందుకే బటన్ చాకుల జోలికి అసలు పోవద్దు. విమానంలో చేతి సామానులో ఏ చాకూ ఒప్పుకోరు, చెకిన్ లగేజీలో పెట్టాల్సిందే. కోర్టులు, పరీక్షా కేంద్రాలు, మాల్స్‌కి వెళ్లేటప్పుడు ఇంట్లో వదిలేసి వెళ్లడమే మేలు.

ఆత్మరక్షణ హక్కు ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు దాని గురించే. కానీ, కాపాడుకోవడానికి అవసరమైన దానికంటే ఎక్కువ హాని చేయకూడదని 37వ సెక్షన్ చెబుతోంది. ఎంత అవసరమో, ఎంత ఎక్కువో తర్వాత కోర్టులో తేలుతుంది. చీకట్లో, వణుకుతున్న చేత్తో, చాకు మొనతో దాన్ని కొలవడం ఎవరి వల్ల అవుతుంది?

తాతయ్య జేబులో చాకు

ఇంత జరిగాక చాకంటేనే విరక్తి పుట్టాలి. పుట్టలేదు. ఎందుకంటే నేను చాకు చూస్తూ పెరిగినదాన్ని. మా తాతయ్యది నూజివీడు దగ్గర మామిడితోట. చొక్కా జేబులో కళ్లజోడు, పక్కజేబులో చెక్క పిడి మడతచాకు లేకుండా ఆయన్ని చూసిన గుర్తు లేదు.

ఆ చాకుతో ఆయన మామిడి అంట్లు కట్టేవాడు. కొమ్మని ఏటవాలుగా ఒకే కోతలో కోయాలి. రెండు మూడు గాట్లు పడితే అతుకు సరిగ్గా కూర్చోదు, అంటు బతకదు. అంత పదునుంచేవాడు. అదే చాకుతో ఎరువు బస్తాల దారం కోసేవాడు. నా పెన్సిల్ చెక్కేవాడు. మామిడికాయ ముక్కలు కోసి ఉప్పూకారం అద్ది పెట్టేవాడు. కోసిన వెంటనే పంచె కొంగుతో తుడిచేవాడు. మామిడి సొన అంటితే ఆ రకం ఇనుము నల్లబడిపోతుంది.

ఫోన్ చేసి అడిగా. 'తాతయ్యా, నీ చాకుతో ఎప్పుడైనా ఎవర్నయినా బెదిరించావా?'

'పిచ్చిమొహమా, దాంతో మనుషుల్ని పొడిస్తే రేపు అంటు దేంతో కట్టనే?' అని నవ్వాడు.

ఆయనకి తెలియకుండానే పెద్ద విషయం చెప్పాడు. ప్రపంచంలో అందరికీ తెలిసిన 'సైనికుడి చాకు' కథ కూడా అదే. స్విట్జర్లాండ్‌లో కార్ల్ ఎల్స్‌నర్ 1884లో కత్తుల పని మొదలుపెట్టాడు. అదే ఇప్పటి విక్టరీనాక్స్. 1891లో స్విస్ సైన్యానికి తొలి చాకులు అందించాడు. వాటిలో ఉన్నవేంటో తెలుసా? ఓ బ్లేడు, డబ్బా మూత తెరిచేది, స్క్రూడ్రైవర్, బెజ్జం చేసే మొన. సైనికుడు డబ్బాలో తిండి తినడానికీ, తుపాకీ విప్పి శుభ్రం చేసుకోవడానికీ. సైన్యం కోసం చేసిన చాకు కూడా పనిముట్టే. నేనేమో యాపిల్ కోసుకోవాల్సిన దాన్ని ఆయుధమనుకుని మోశా.

మరి ఎలాంటిది కొనాలి?

ఈసారి కొనే ముందు ఓ పని చేశా. వారంపాటు 'ఇప్పుడు చాకుంటే బాగుండు' అనిపించిన ప్రతిసారీ ఫోన్లో రాసుకున్నా. పార్సిల్ టేపు, పెరుగు ప్యాకెట్టు, కొత్త కుర్తీ ట్యాగు, యాపిల్, నిమ్మకాయ, ప్లాస్టిక్ తాడు, వదులైన కళ్లజోడు స్క్రూ. వీటిలో దేనికీ రెండున్నర అంగుళాల కంటే పెద్ద బ్లేడు అక్కర్లేదు. రంపం పళ్లు అసలే అక్కర్లేదు. పైగా వాటిని ఇంట్లో సాన పట్టడం కష్టం.

తర్వాత చూడాల్సింది బ్లేడు ఎలా నిలబడుతుందని. లాక్ లేకుండా వెనక స్ప్రింగు బిగువు మీదే ఆగే చాకులుంటాయి. పండ్లకీ, ప్యాకెట్లకీ ఇవి చాలు. గట్టిగా పొడిచినట్టు వాడితే మాత్రం వేళ్ల మీదికి మూసుకుంటాయి. తాళ్లూ అట్టపెట్టెలూ ఎక్కువ కోసేవాళ్లకి లాక్ ఉన్నవి మంచివి. పిడి వెనక నొక్కితే మూసుకునే బ్యాక్ లాక్‌లో నొక్కే వేలు బ్లేడు దారిలో ఉండదు. ఫ్రాన్స్‌లో 1890 నుంచీ తయారవుతున్న ఒపినెల్ చాకుకి మెడ దగ్గర ఓ రింగు ఉంటుంది. దాన్ని తిప్పితే బ్లేడు బిగుసుకుంటుంది. ఈ ఏర్పాటు 1955లో వచ్చింది. ఏది కొన్నా తెరిచి, బ్లేడుని పక్కలకి కదిపి చూడండి. లొడలొడలాడితే తిప్పి పంపేయండి.

ఇక లోహం. కార్బన్ స్టీలు సులువుగా పదునెక్కుతుంది కానీ తడి తగిలితే తుప్పు పడుతుంది. తాతయ్యలా ప్రతిసారీ తుడిచే ఓపికుంటేనే అది. స్టెయిన్‌లెస్‌లో క్రోమియం ఉంటుంది కాబట్టి నిమ్మరసానికీ, సముద్రపు గాలికీ తట్టుకుంటుంది. విశాఖలోనో, కాకినాడలోనో ఉండేవాళ్లకి ఇదే నయం. పిడి తడిచేత్తో పట్టుకున్నా జారకూడదు. తళతళలాడే నున్నటి పిడి ఫొటోకే బాగుంటుంది.

పదును పోయిన చాకు మంచిదనుకోవద్దు. మొద్దుబారితే గట్టిగా నొక్కుతాం, నొక్కితే జారుతుంది, జారితే తెగేది మన చెయ్యే. చిన్న సానరాయి కొనుక్కోండి. బ్లేడుని రాతికి దాదాపు 20 డిగ్రీల వాలులో పెట్టి, రెండువైపులా సమానంగా రుద్దాలి. ఎప్పుడూ మనకి అవతలి వైపుకే కోయాలి. ఎవరికైనా ఇస్తే మడిచి ఇవ్వాలి.

ఇవన్నీ చూసుకుని ఓ ఎర్ర స్విస్ చాకు కొన్నా. మడిస్తే 91 మిల్లీమీటర్లు. ఓ కత్తెర, స్క్రూడ్రైవర్ కూడా ఉన్నాయి. చూడ్డానికి ఎవరికీ భయం కలగదు. పక్క సీటు అమ్మాయి 'ఓసారి ఇవ్వవా' అని అడిగి మరీ తీసుకుంటోంది.

మరి భయం సంగతి?

దానికి వేరే ఏర్పాట్లు చేసుకున్నా. అదే టైముకి క్యాబ్ దిగే ఇంకో ఇద్దరమ్మాయిలు మా సందులోనే ఉన్నారని అడిగితేనే తెలిసింది. ఇప్పుడు ముగ్గురం కలిసి నడుస్తున్నాం. దిగేముందే రూమ్మేట్‌కి లైవ్ లొకేషన్ పంపుతా. ఫోన్లో ఎమర్జెన్సీ ఎస్ఓఎస్ సెట్టింగ్ ఆన్ చేశా. అది ఎన్నిసార్లు ఏ బటన్ నొక్కితే పనిచేస్తుందో ఒక్కో ఫోనుకి ఒక్కోలా ఉంటుంది. మీదీ ఈ రోజే చూసుకోండి. 112కి ఫోన్ చేయాలని అందరికీ తెలుసు, ఆ క్షణంలో గుర్తురాదు. అందుకే ఆ నంబరుని ఫోన్ మొదటి స్క్రీన్ మీదే పెట్టుకున్నా. తెలంగాణలో 2014 నుంచీ షీ టీమ్స్ ఉన్నాయి. బైకు సంగతి వాళ్లకి చెప్పా. నంబరు చూడలేదనే సిగ్గుతో మొదట ఆగా కానీ ఆగాల్సింది కాదు. బ్యాగు పట్టీకి బయటివైపు ఓ విజిల్ వేలాడుతోంది. దాన్ని అందుకోవడానికి స్టాప్‌వాచ్ అవసరం లేదు.

మొన్న వేసవిలో ఊరెళ్లినప్పుడు రెండు చాకులూ తాతయ్య చేతిలో పెట్టా. ఎర్రదాన్ని తెరిచి, పేపరు ముక్క కోసి చూశాడు. చిరిగింది కానీ తెగలేదు. 'సాన పట్టాలే దీనికి' అంటూ పక్కన పెట్టుకున్నాడు. నల్లదాన్ని అటూ ఇటూ తిప్పాడు.

'ఇది దేనికే?'

'భయానికి తాతయ్యా.'

మడిచి, పాకలో పాత సామాన్ల డబ్బాలో పడేశాడు. 'అయితే ఇక్కడుండనీ' అన్నాడు. సాయంత్రానికి ఎర్రదానికి సాన పట్టి, దాంతోనే మామిడికాయ కోసి నా చేతిలో పెట్టాడు.

ఇప్పుడా చాకు నా బ్యాగులో టిఫిన్ బాక్సు కిందే ఎక్కడో ఉంటుంది. వెతికి తీయడానికి ఇప్పటికీ పద్నాలుగు సెకన్లు పడుతుంది. పట్టనీ. యాపిల్ ఎక్కడికీ పారిపోదుగా!